మద్దికొమ్మకు వేలాడే గూడు: దసలి చిలక, మన అడవి హక్కు

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. తిరుపతిలో కాలేజీ విద్యార్థులు, తండాల నుంచి, కాలనీల నుంచి వచ్చిన యువత ముందు చేసిన ప్రసంగ పాఠం.)



నన్ను ఈరోజు హక్కుల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక పురుగు గురించి మాట్లాడదామని వచ్చినాను. నవ్వుకోండి, ఏం ఫర్వాలేదు. కానీ ఈ పురుగుకు ఒక గొప్ప ఉంది. దీని పేరు మన దేశ చట్టంలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం తీసి రెండో సెక్షన్ చూడండి. చిన్న తరహా అటవీ ఫలసాయం అంటే ఏమిటో అక్కడ ఒక జాబితా ఇచ్చినారు. వెదురు, పుల్లలు, మోళ్ళు, పేము, దసలి, పట్టుగూళ్ళు, తేనె, మైనం, లక్క, బీడీ ఆకు, మందుచెట్లు, మూలికలు, వేర్లు, దుంపలు. ఆ మధ్యలో ఉన్న దసలి, పట్టుగూడు గురించే ఈ మాట. దాన్ని పట్టుకుని పోతే మన హక్కు దగ్గరికి మనమే చేరతాం.

మన ఊళ్ళల్లో పట్టు అంటే అందరికీ తెలుసు. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు మల్బరీ తోటలు, పురుగుల షెడ్లు, గూళ్ళ మార్కెట్లు చూడని వాళ్ళు తక్కువ. మీలో కొందరు ఆ షెడ్లలో కూలికి పోయి ఆకు కోసి, తట్టల్లో పురుగులకు వేసి ఉంటారు. అది ఇంటి పురుగు. ఇప్పుడు చెప్పేది అడవి పురుగు. దాన్ని తెలుగులో దసలి పట్టుపురుగు అంటారు, బయట దేశమంతా టసర్ అంటారు. శాస్త్రంలో దాని పేరు ఆంథీరియా మైలిటా. పురుగు పెద్దదై రెక్కలు వచ్చినాక పుస్తకాల్లో చిమ్మట అని రాస్తారు. పట్టు పని చేసేవాళ్ళు చిలక అంటారు. నేనూ దసలి చిలక అనే అంటాను.

ఎండాకాలం ఆకు రాల్చే అడవి దీని ఇల్లు. దక్కను నుంచి జార్ఖండ్ దాకా, శ్రీలంకలోనూ ఇలాంటి అడవుల్లో ఉంటుంది. ఏటి ఒడ్డున పెరిగే తెల్లమద్ది, కొండవాలు మీద నల్లమద్ది దీనికి ఇష్టమైన చెట్లు. రేగు, నేరేడు, చిరుమాను, కరక్కాయ, తాని ఆకులు కూడా తింటుంది. ఈ చెట్ల పేర్లు వింటే మీకే తెలుస్తుంది, ఇది మన అవ్వలు మందుకు, కట్టెకు, కాయకు రోజూ పోయే చెట్ల జాబితా. చెట్టు ఒకటే, దాని దగ్గరికి పోయేవాళ్ళు ఇద్దరు.

దసలి చిలకను ఎప్పుడైనా దగ్గరగా చూసినారా? రెక్కలు చాపితే జానెడంత ఉంటుంది. మగది సాధారణంగా ఎరుపు కలిసిన గోధుమ రంగు, ఆడది పసుపు గానీ బూడిద రంగు గానీ. నాలుగు రెక్కల మీద నాలుగు గుండ్రటి కళ్ళ లాంటి మచ్చలు. ఒక్కో మచ్చ మధ్యలో రంగు ఉండదు, పొలుసు ఉండదు. గాజుబిళ్ళలా అవతలిది కనిపిస్తుంది. మన సుగాలి అక్కలు పైటకు కుట్టుకునే అద్దాలు గుర్తుకొస్తాయి.

ఇంత పెద్ద చిలకకు తినే నోరు లేదు. ఉన్నదాంతో ఏమీ తినలేదు, తాగలేదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే జీవితమంతటికీ కూడు. గూడులోంచి బయటపడినాక వారం, మహా అయితే పది రోజులు బతుకుతుంది. ఆ కొద్ది రోజుల్లో దానికి ఒకటే పని, జతకట్టి గుడ్లు పెట్టడం.

చీకటి పడుతున్నప్పుడు గూడు విప్పుకుని బయటికి వస్తుంది. వచ్చినప్పుడు రెక్కలు తడిసిన గుడ్డపేలికల్లా ముడుచుకుని ఉంటాయి. కొమ్మకు వేలాడి వాటిని ఆరబెట్టుకుంటుంది. ఆడ చిలక పెద్దగా ఎగరదు. పొట్ట నిండా గుడ్ల బరువు. ఉన్నచోటే కూర్చుని ఒక వాసన వదులుతుంది. ఆ వాసన మన ముక్కుకు అందదు. మగ చిలకకు తల మీద ఈకల్లాంటి వెడల్పాటి మీసాలు ఉంటాయి. గాలిలో ఆ వాసన కాస్త తగిలినా అవి పట్టేస్తాయి. ఆ దోవ పట్టుకుని చీకట్లో ఎదురుగాలికి ఎగిరి వస్తుంది. అడవిలో దీపం లేదు, దారి లేదు, ఆ వాసనే దారి.

జతకట్టినాక ఆడది కొన్ని రాత్రుల్లో నూట యాభై నుంచి రెండు వందల యాభై దాకా గుడ్లు పెడుతుంది. ఎనిమిది, పది రోజులకు గుడ్లు పగిలి పురుగులు వస్తాయి. పుట్టిన పురుగు చిన్న దారప్పోగు అంత. మొదట తన గుడ్డు పెంకునే కొంత తింటుంది, తరువాత లేత ఆకు వైపు పాకుతుంది. పెరిగే కొద్దీ తోలు చాలక నాలుగు సార్లు కుబుసం విడుస్తుంది. వానాకాలంలో నెల లోపు, నెల చిల్లరలో ఎదిగిపోతుంది. చలికాలం పంటైతే ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. ఎదిగిన పురుగు మన వేళ్ళలో పెద్దదాని కన్నా పొడుగు, లావు కూడా అంతే. పుట్టిన నాటి బరువుకు వేల రెట్లు పెరుగుతుంది. ఆకుపచ్చ రంగు, ఒళ్ళంతా చిన్న చిన్న బుడిపెలు, పక్కలకు వెండి పూసినట్టు మెరిసే చుక్కలు. అంత పెద్ద పురుగు మద్ది ఆకుల మధ్య మన కళ్ళ ముందే ఉన్నా కనపడదు. ఆకుల మీద వెలుగు ఎలా పడుతుందో దాని ఒళ్ళు కూడా అలాగే ఉంటుంది. పెద్దవాళ్ళు ముందు చెట్టు కింద నేల చూస్తారు. నేల మీద మిరియాల్లాంటి లద్దె పడి ఉంటే తల పైకెత్తి వెతుకుతారు.

ఇక గూడు సంగతి. ఈ పురుగు పనితనం అంతా అందులోనే. మల్బరీ పురుగు చంద్రికలో కూర్చుని గూడు కట్టుకుంటుంది, దానికి గాలి భయం లేదు, వాన భయం లేదు. దసలి పురుగు మాత్రం కొమ్మ మీదే ఉండాలి, నెలల తరబడి ఉండాలి. మరి ఎట్లా కడుతుందంటే, రెండు మూడు ఆకులను ముందు దారంతో దగ్గరికి లాగుతుంది. ఆకును నమ్ముకుంటే ఎండాకాలంలో ఆకుతో పాటు రాలిపోతుంది గదా. అందుకని కొమ్మ చుట్టూ పట్టుతో ఒక ఉంగరం అల్లుతుంది. ఆ ఉంగరం నుంచి గట్టి తొడిమ ఒకటి దించుతుంది. ఆ తొడిమకు గూడును వేలాడదీస్తుంది. తరువాత లోపల ఉండి తన ఒంట్లోంచి సున్నం లాంటి పదార్థం వదిలి గోడంతా తడుపుతుంది. అది ఆరినాక గూడు కాయలాగా గట్టిపడుతుంది. పచ్చి కోడిగుడ్డు ఆకారం, బూడిద గానీ పసుపు గానీ రంగు, గోటితో నొక్కితే లొంగదు.

ఆకులన్నీ రాలిపోయినాక మాఘమాసం, ఫాల్గుణమాసంలో ఆ చెట్ల కిందికి పోయి చూడండి. మోడు కొమ్మకు ఒక్క కాయ వేలాడుతుంటుంది. తెలియని వాళ్ళు అది ఎండిపోయిన కాయ అనుకుంటారు. లోపల ప్రాణం నిద్రపోతూ ఉంటుంది. మార్చి, ఏప్రిల్, మే నెలల ఎండ అంతా, నీళ్ళు లేకుండా, తిండి లేకుండా, ఆ గోడ చాటున ఓర్చుకుంటుంది. జూన్‌లో తొలకరి పడి మద్ది చిగురు వేసే వేళకు మేల్కొంటుంది. తొడిమ వైపు తల పెట్టి పడుకుని ఉంటుంది కాబట్టి, నోటి దగ్గర నుంచి ఒక ద్రవం వదిలి ఆ వైపు గోడను మెత్తబరిచి, పోగులను పక్కకు తోసుకుని బయటికి వస్తుంది. బిడ్డలకు లేత ఆకు దొరికే రోజు చూసుకునే తల్లి వస్తుంది. ఏడాదికి ఎన్ని తరాలు అనేది ఆ చోటును బట్టి ఉంటుంది. కొన్ని కొండల్లో ఒకటే, కొన్నిచోట్ల రెండు, మన తెలుగు నేలలో మూడు దాకా.

రెండు వందల గుడ్లు అన్నాను గదా, మరి ఇన్ని పురుగులు ఎందుకు కనపడవు? లెక్క చూడండి. జంటకు ఇద్దరు బతికితే చాలు, చిలకల సంఖ్య అలాగే నిలుస్తుంది. మిగిలిన నూట తొంభై ఎనిమిది అడవికి పోతాయి. చీమలు, కందిరీగలు, గొల్లభామలు, రసం పీల్చే నల్లులు, పిట్టలు, బల్లులు అన్నీ తింటాయి. మల్బరీ రైతులకు ఊజీ ఈగ తెలుసు, దసలికి కూడా దాని సొంత ఊజీ ఈగ ఉంది. పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది, ఆ పిల్ల లోపలికి దూరి తింటుంది. ఇవిగాక వైరస్ జబ్బులు, పెబ్రిన్ అనే తెగులు. పెబ్రిన్ తల్లి నుంచి గుడ్డులోకి వస్తుంది. 1865లో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ మల్బరీ పురుగుల్లో ఈ తెగులు మీద పని మొదలుపెట్టి, గుడ్లు పెట్టిన తల్లిని నూరి మైక్రోస్కోప్ కింద చూసి, తెగులు లేని తల్లి గుడ్లనే ఉంచమని చెప్పినాడు. ఇప్పటికీ విత్తన కేంద్రాల్లో అదే పద్ధతి, దసలికి కూడా.

కాబట్టి ఒక పిట్ట కడుపు నిండాలన్నా, ఒక కందిరీగ గూడు నిలవాలన్నా ఈ పురుగు ఉండాలి. పురుగుకు మద్ది ఉండాలి. మద్దికి ఏరు ఉండాలి. వీటిలో ఏది తీసేసినా రెండోది పడిపోతుంది.

ఇప్పుడు చరిత్ర. హరప్పా తవ్వకాల్లో దొరికిన లోహపు నగలకు సన్నటి పోగులు అతుక్కుని ఉన్నాయి. వాటిని మైక్రోస్కోప్‌లో చూసిన పరిశోధకులు 2009లో తేల్చింది ఏమంటే, అవి అడవి పట్టు పోగులు, దసలి జాతికి చెందిన పురుగులవి కూడా ఉన్నాయి. నాలుగు వేల ఏళ్ళ పైమాట. అంటే ఆ రోజుల్లో ఎవరో ఒకరు అడవికి పోయి, ఆకు రాలిన కొమ్మ మీద కాయను గుర్తుపట్టి, కోసి తెచ్చి, పోగు తీసినారు. వాళ్ళ పేరు మనకు అందలేదు. కానీ అది అడవి తెలిసినవాళ్ళ పని.

1773లో ఇంగ్లండ్‌లో డ్రూ డ్రూరీ అనే ఆయన ఈ చిలకకు మైలిటా అని పేరు పెట్టినాడు. అది బాబిలోన్ వైపు కొలిచిన ఒక దేవతకు గ్రీకులు చెప్పిన పేరు. మన అడవి చిలకకు, మనం ఎప్పుడూ వినని దేవత పేరు. తరువాత విలియం రాక్స్‌బరో వచ్చినాడు. మన కోరమండల్ తీరంలో, సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కల మీద పనిచేసిన డాక్టరు. బెంగాల్‌కు పోయినాక దసలి, ఆముదం పట్టుపురుగుల మీద ఆయన రాసిన వ్యాసం 1804లో లండన్‌లో అచ్చయింది. 1878లో పారిస్ ఎగ్జిబిషన్‌లో థామస్ వార్డిల్ అనే ఇంగ్లీషు రంగుల వ్యాపారి టసర్ బట్ట చూపించినాడు, యూరప్‌లో గిరాకీ పుట్టింది. వీళ్ళ శ్రమను నేను తక్కువ చేయడం లేదు. కానీ పురుగు ఏ చెట్టు మీద ఉంటుంది, ఎప్పుడు గూడు కడుతుంది, ఎప్పుడు కోయాలి అనేది వీళ్ళకు చెప్పింది ఎవరు? అడవిలో ఉన్నవాళ్ళు. పుస్తకాల్లో పేరు లేనివాళ్ళు.

ఈ రోజుకూ దసలి పంట అంటే ఆదివాసీల, అడవి అంచు పల్లెల పంటే. జార్ఖండ్ సింగ్‌భూమ్‌లో డాబా రకం, ఒడిశా సిమిలిపాల్‌లో మోడల్ రకం, బస్తర్‌లో రైలీ రకం. ఇలా చోటును బట్టి నలభైకి పైగా రకాలు లెక్కపెట్టినారు. బస్తర్ రైలీ మనిషి చేతికి లొంగదు, సాల అడవిలోనే పుట్టి అక్కడే పెరుగుతుంది. మన తెలుగు రకానికి ఆంధ్రా లోకల్ అని పేరు. తెలంగాణలో మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు గోదావరి అడవుల్లో దసలి రైతులు మద్ది చెట్ల మీదే పురుగులు వదిలి, గూడు కట్టేదాకా పిట్టల నుంచి, చీమల నుంచి రాత్రింబగళ్ళు కాపలా కాస్తారు. ఆ గూళ్ళతో నేసిన మహదేవ్‌పూర్ టసర్ చీరలు పెద్ద షాపుల్లో చూసే ఉంటారు. రాంచీలో 1964 నుంచి కేంద్ర టసర్ పరిశోధన సంస్థ ఉంది. ఇంత శాస్త్రం, ఇంత వ్యాపారం ఆ ఒక్క వేలాడే గూడు మీద నడుస్తున్నాయి.

మల్బరీ పురుగును వేల ఏళ్ళు ఇంట్లో పెంచి పెంచి మనుషులు దాన్ని ఎట్లా చేసినారో మీకు తెలుసు. చిలకకు రెక్కలు ఉంటాయి, ఎగరలేదు. ఆకు తెచ్చి ముందు వేస్తేనే తింటుంది. దసలి చిలక మాత్రం ఇంకా ఎగురుతుంది. దాన్ని షెడ్డులో పెట్టి పెంచాలని ఎంతోమంది ప్రయత్నించినారు, చిన్న పురుగుగా ఉన్నప్పుడు కొంతవరకు కుదిరింది. పంట చేతికి రావాలంటే మాత్రం చివరికి చెట్టు మీదికే పోవాలి. ఆరుబయట చెట్టు, మీద ఆకాశం, కింద కాపలా మనిషి. ఆ మూడూ ఒకచోట ఉండాలంటే మనిషికి అడవిలోకి పోయే హక్కు ఉండాలి.

ఇక మన జిల్లాల సంగతికి వద్దాం.

శేషాచలం కొండల్ని 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం చేసినారు, మూడు వందల యాభైకి పైగా చదరపు కిలోమీటర్లు. 2010లో చిత్తూరు, కడప జిల్లాల్లో నాలుగు వేల ఏడు వందలకు పైగా చదరపు కిలోమీటర్లు శేషాచలం జీవావరణ రిజర్వు అయింది. పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం ఉంది. ఇవన్నీ మంచివే. బంగారు బల్లి, తెల్లకరక, ఎర్రచందనం, వీటన్నిటికీ ఈ కొండలు కావాలి. నా ప్రశ్న ఒకటే. ఈ బోర్డుల మీద చెట్టు పేరు ఉంది, బల్లి పేరు ఉంది, దేవుడి పేరు ఉంది. ఈ అడవి అంచున యానాదులం, ఎరుకలోళ్ళం, సుగాలీలం, నక్కలవాళ్ళం తరతరాలుగా ఉన్నాం గదా, మన పేరు ఏది?

మనది షెడ్యూల్డ్ ఏరియా కాదు. అందుకని చాలామంది మనకు అడవి హక్కు కూడా లేదనుకుంటారు. కొందరు ఆఫీసర్లు కూడా అలాగే చెప్తారు. చట్టం అలా చెప్పలేదు. షెడ్యూల్డ్ ఏరియాకు వర్తించేది పెసా. అటవీ హక్కుల చట్టం అడవి భూమి ఎక్కడ ఉంటే అక్కడ వర్తిస్తుంది. అభయారణ్యం, జాతీయ ఉద్యానం కూడా ఈ చట్టం కింద అటవీ భూమే అని అందులోనే రాసి ఉంది. మూడో సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. ఆనవాయితీగా ఏరుకుంటున్న చిన్న తరహా అటవీ ఫలసాయం మీద మనకు ఉన్నది యజమాని హక్కు. ఏరుకోవడానికి, వాడుకోవడానికి, అమ్ముకోవడానికి. ఎవరో దయతలిచి ఇచ్చే పర్మిషన్ కాదు అది. అదే సెక్షన్‌లో జీవవైవిధ్యం మీద, దాని గురించి మన పెద్దలకు ఉన్న తెలివి మీద కూడా సమాజానికి హక్కు ఉందని రాసినారు.

మన దగ్గర అడవిలోకి పోయిన ఆదివాసిని ముందు దొంగ అని చూస్తారు, తరువాత మనిషి అని చూస్తారు. ఎర్రచందనం వచ్చినాక ఇది ఇంకా ముదిరింది. 2015 ఏప్రిల్ 7న ఈ శేషాచలంలోనే పోలీసు కాల్పుల్లో ఇరవై మంది చనిపోయినారు. తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు, వాళ్ళలో కొండల్లో బతికే ఆదివాసీలు ఉన్నారు. దుంగ కొన్నవాడు, దుంగ ఓడ ఎక్కించినవాడు ఆ రోజు ఆ కొండ మీద లేడు. ఆ తరువాత మా ఊరి అవ్వ ఒకామె కుంకుడుకాయల మూటతో వస్తుంటే అడవి అంచున ఒకరు ఆపి, మూట నేల మీద కుమ్మరించి చూసినారు. కింద పడిన కాయలు ఏరుకోవడానికి ఆమెకు సాయంత్రమైంది. ఏమీ అనలేదు ఆమె. మరుసటి వారం నుంచి అడవికి పోవడం మానేసింది. ఆమె తోపాటు ఆమెకు తెలిసిన చెట్ల దారులూ ఆగిపోయినాయి. హక్కు అనేది ఒక్క రోజు జీవోతో పోదు. ఇట్లా ఒక్కో అవ్వ ఇంట్లో కూర్చుంటే పోతుంది.

ఇక్కడ మన పెద్దల కష్టం కొత్తది కాదు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట చూడండి. 1835లో ఆ దీవిని కంపెనీ ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. యానాదులు అడవి సరుకు ఏరి ప్రభుత్వానికి ఇచ్చే ఏర్పాటు నడిచింది. అంటే ఏ సరుకు ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్ళు యానాదులే అని సర్కారే ఒప్పుకుంది. తరువాత రాకెట్ కేంద్రం వచ్చింది, 1971లో మొదటి రాకెట్ ఎగిరింది, దీవిలో యానాదుల బతుకు చెదిరిపోయింది. తెలివి వాళ్ళది, సరుకు సర్కారుది, చివరికి నేల కూడా సర్కారుదే అయింది.

మళ్ళీ మన చిలక దగ్గరికి వస్తాను. దానికి ఇప్పుడు వచ్చిన కష్టాలు చెప్పాలి.

మొదటిది మంట. 2014 మార్చిలో శేషాచలం తగలబడింది గుర్తుందా? వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు చల్లాల్సి వచ్చింది. మార్చి నెల అంటే ఆకు రాలి, గూడు మోడు కొమ్మకు వేలాడే నెల. పిట్టకు రెక్కలు ఉన్నాయి, జింకకు కాళ్ళు ఉన్నాయి. గూడులో నిద్రపోయే ప్రాణానికి ఏముంది? వానకు, ఎండకు, పిట్ట ముక్కుకు ఆగే గోడ మంటకు ఆగదు. వేసవి మంట ఎక్కడ మొదలైందో అడవిలో తిరిగేవాళ్ళకే ముందు తెలుస్తుంది. తిరిగేవాళ్ళను ఆపేస్తే ఆ కన్ను కూడా మూసుకుంటుంది.

రెండోది దీపాలు. రాత్రి రోడ్డు లైటు కింద పురుగులు గిరగిరా తిరుగుతుంటే చూసినారు గదా. 2024లో వచ్చిన ఒక పరిశోధన దీని కారణం చెప్పింది. ఎగిరే పురుగులు వెలుతురు ఉన్న వైపు ఆకాశం అనుకుని వీపు అటు తిప్పుతాయి. దీపం పక్కన ఉంటే అదే పైన అనుకుని వంకరగా తిరుగుతూ అక్కడే చిక్కుకుంటాయి. వారం రోజుల బతుకు ఉన్న మగ చిలక ఒక రాత్రి దీపం చుట్టూ తిరిగితే, ఆ రాత్రి దానికి మళ్ళీ రాదు. అడవి అంచున ప్రతి లేఅవుటుకు, ప్రతి రిసార్టుకు తెల్లవార్లు వెలిగే ఫ్లడ్‌లైట్లు అవసరమా అని అడగాల్సింది మనమే.

మూడోది మద్ది. ఏటి ఒడ్డున ఇసుక తవ్వితే నీరు దిగుతుంది, నీరు దిగితే తెల్లమద్ది ఎండుతుంది. చెట్టు పోయినాక పురుగు ఎక్కడికి పోతుంది?

నాలుగోది మనమే కావచ్చు. చేదుగా ఉన్నా చెప్పాలి. గూడుకు డబ్బు వస్తుందని తెలిస్తే కనపడిన కాయ అల్లా కోసేసే చేతులు మనలోనూ ఉంటాయి. ఆ చెట్టు మీద వచ్చే ఏడు విత్తనం ఆ గూడులోనే ఉంది. పోగు కోసం గూడును ఉడికిస్తే లోపల ప్రాణం పోతుంది. చిలక బయటికి పోయినాక మిగిలిన ఖాళీ గూడు నుంచి కూడా దారం వడకొచ్చు, కాకపోతే అది ముక్కలుగా వస్తుంది, ధర తగ్గుతుంది. మల్బరీలో కూడా చిలక ఎగిరినాక నేసే అహింసా పట్టును మన తెలుగువాడు కుసుమ రాజయ్య గారు చేసి చూపించినారు. హక్కు అడిగేవాడికి కాపాడే బాధ్యత కూడా ఉంది. అదే చట్టంలో, అడవిని, జీవాలను కాపాడే హక్కు కూడా గ్రామసభదే అని రాసి ఉంది.

మిత్రులారా, ఒక తమ్ముడు పొద్దున నన్ను అడిగినాడు. అన్నా, ఈ గూళ్ళతో మనకు ఏం సంపాదన వస్తుంది, బెంగళూరులో సెక్యూరిటీ పనికి పోతే నెలకు జీతం వస్తుంది గదా అని. సరైన ప్రశ్న. శేషాచలంలో దసలి గూళ్ళు ఏరి మనం కోటీశ్వరులం కాము. నేను ఆ ఆశ పెట్టను. నేను చెప్పేది వేరే. గూడు మీద మన హక్కు ఒప్పుకుంటే, తేనె మీద, కుంకుడు మీద, కరక్కాయ మీద, దుంప మీద ఒప్పుకున్నట్టే. అవన్నీ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఆ వాక్యం పట్టుకుంటే మన అవ్వ మూట ఎవరూ నేల మీద కుమ్మరించలేరు. కుమ్మరిస్తే ఏ సెక్షన్ కింద అని మనం అడుగుతాం.

మరి ఏం చేయాలి? చదువుకున్న మనకు నాలుగు పనులు చెప్తాను.

ఒకటి, మీ ఊరిలో గ్రామసభ పెట్టించి అటవీ హక్కుల కమిటీ వేయించండి. పది నుంచి పదిహేను మంది ఉండాలి, ఎస్టీలు ఉన్న చోట మూడింట రెండొంతులు ఎస్టీలే ఉండాలని 2012 సవరణలో ఉంది. అందరూ పట్టా కోసం ఫారం ఏ ఒక్కటే నింపుతారు. అది ఒక కుటుంబానికి. ఫారం బి సమాజ హక్కులకు, ఫారం సి సమాజ అటవీ వనరుకు. దసలి, తేనె, కుంకుడు ఆ బి, సి ఫారాల్లోకి వస్తాయి. ఆ రెండూ నింపండి.

రెండు, సాక్ష్యం కాగితాల్లోనే ఉంటుందని భయపడొద్దు. పెద్దల మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే అని రూల్స్‌లో పదమూడో రూల్ చెప్తుంది. ఫలసాయం ఏరుకునే చోట్లను చూపించడం కూడా సాక్ష్యమే. ఫోన్ పట్టుకుని మీ అవ్వ పక్కన కూర్చోండి. ఏ మద్ది, ఏ ఏరు, ఏ నెల, ఏ కాయ, దాన్ని మన భాషలో ఏమంటారు, అన్నీ రికార్డు చేసి రాయండి. రాసినదాని కింద ఆమె వేలిముద్ర వేయించండి. అవ్వలు ఎల్లకాలం ఉండరు.

మూడు, 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీది తీసి చూడండి. అందులో పురుగుల పేజీ ఖాళీగా ఉంటే మీరు నింపండి. చిలక ఫోటో తీయండి, తేదీ రాయండి, చెట్టు పేరు రాయండి. ఖచ్చితమైన చోటు మాత్రం సోషల్ మీడియాలో పెట్టకండి. అమ్ముకునేవాళ్ళు కూడా చూస్తారు.

నాలుగు, మన కట్టుబాటు మనమే పెట్టుకుందాం. ఒక చెట్టు మీద ఉన్న గూళ్ళలో సగానికి తక్కువ కాకుండా వదిలేయాలి. చిలక ఎగిరిపోయిన ఖాళీ గూడు అయితే ఎవరైనా తీసుకోవచ్చు. వేసవిలో మంట కనపడితే ముందు మనమే పోయి కొమ్మలతో కొట్టి ఆర్పాలి. దీన్ని గ్రామసభ తీర్మానంగా రాయించండి. అప్పుడు రేపు ఎవరైనా వచ్చి మీరు అడవిని పాడుచేస్తారు అంటే, తీర్మానం కాపీ చేతికి ఇవ్వొచ్చు.

ఇప్పుడు ఆగస్టు నెల. మద్ది ఆకు నిండుగా ఉంది. ఆ ఆకుల మధ్య ఎక్కడో పచ్చటి పురుగులు తింటూ ఉంటాయి. ఈ ఆదివారం మీ ఊరి పెద్దావిడను ఒకరిని వెంటబెట్టుకుని, ఏటి ఒడ్డున మద్ది దగ్గరికి పోండి. నేల మీద లద్దె చూడండి, తల పైకెత్తండి. పురుగు కనపడినా కనపడకపోయినా ఆమె చెప్పేది రాసుకుని రండి. వచ్చే నెల సమావేశానికి ప్రతి ఊరి నుంచి ఒక నోటుబుక్కు కావాలి నాకు. ఉత్త చేతులతో రావద్దు.

జై ఆదివాసీ. జోహార్లు.